పైన ఐసు కడుతోంది, కింద పాలు విరుగుతున్నాయి: డబుల్ డోర్ ఫ్రిజ్‌లో గ్యాస్ పోయినట్టేనా?

పెరుగన్నం:

260 లీటర్ల డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ, కొని ఏడేళ్లు. మామూలు కంప్రెసరే, ఇన్వర్టర్ రకం కాదు. వెనక స్టిక్కర్ మీద గ్యాస్ ఆర్600ఏ, 48 గ్రాములు అని ఉంది.

పది రోజులుగా కింది అరల్లో చల్లదనం లేదు. పొద్దున కాచి చల్లార్చి పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. ఇడ్లీ పిండి ఒక్క రాత్రికే పొంగి గిన్నె దాటుతోంది. ఫ్రీజర్లో మాత్రం ఐసు గడ్డ కడుతోంది. కాకపోతే ఇదివరకు మూడు నాలుగు గంటల్లో అయ్యేది, ఇప్పుడు రాత్రంతా పడుతోంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఫ్రీజర్ లోపల వెనక పలక మీద తెల్లగా మంచు పేరుకుంది. మొదటి రెండు రోజులు లోపలి నుంచి టకటకమని చప్పుడు వచ్చింది, ఇప్పుడు అదీ లేదు.

మెకానిక్ వచ్చాడు. వెనక కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది, ఛార్జింగ్‌కి 3,500 అవుతుంది అన్నాడు. లోపల ఏమీ విప్పలేదు. నిజంగా గ్యాసేనా? ఇంట్లో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి, వాడటం వచ్చు. ముందు ఏం చూడాలి? ఏడేళ్లదానికి ఖర్చు పెట్టడం దండగ, కొత్తది కొనేయమని ఇంట్లో ఒక పక్షం కూడా ఉంది.

గేజిమీటరు:

డబ్బులు ఇవ్వకండి. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే డీఫ్రాస్ట్, అంటే లోపలి మంచును తనే కరిగించుకునే పని, ఆగిపోయిన ఫ్రిజ్‌లా ఉంది, గ్యాస్ పోయినదానిలా లేదు. అయినా ఊహతో పని లేదు, పలక విప్పితే కళ్లకే కనబడుతుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్లలో మామూలుగా చల్లబరిచే కాయిల్ ఒక్కటే ఉంటుంది, అదీ ఫ్రీజర్ వెనక పలక చాటున. దాని పైన చిన్న ఫ్యాను. కాయిల్ మీదుగా లాగిన గాలిని కొంత ఫ్రీజర్లోకి వదిలి, మిగతాది ఒక సన్నటి దారిలోంచి కిందికి తోస్తుంది. కింది అరలకు సొంత కాయిల్ లేదు, అక్కడి చల్లదనమంతా ఈ గాలి మోసుకొచ్చిందే. తలుపు తీసినప్పుడల్లా లోపలికి వెళ్లిన తేమ ఆ కాయిల్ మీద మంచుగా పడుతుంది. కంప్రెసర్ సుమారు 8 నుంచి 12 గంటలు తిరిగాక, కంప్రెసర్ ఆగి, కాయిల్ కింద ఉన్న హీటరు ఓ 20–30 నిమిషాలు పనిచేసి ఆ మంచును కరిగిస్తుంది. నీళ్లు గొట్టం గుండా వెనక ట్రేలోకి పోయి, కంప్రెసర్ వేడికి ఆరిపోతాయి.

హీటరు పనిచేయకపోతే మంచు మీద మంచు చేరి కాయిల్ రేకుల సందులు మూసుకుపోతాయి. గాలి ఆడదు. ముందు చచ్చేది కింది అరే. ఫ్రీజర్ ఆ గడ్డకు ఆనుకునే ఉంటుంది కాబట్టి ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. మీరు విన్న టకటక ఫ్యాను రెక్క మంచుకు కొట్టుకున్న చప్పుడు. అది ఆగిందంటే బాగుపడిందని కాదు, రెక్క పూర్తిగా ఇరుక్కుపోయిందని.

పలక విప్పాక మంచు ఎలా ఉందో చూసి చెప్పండి, దాన్నిబట్టే మిగతా కథ. పై నుంచి కింది దాకా దుప్పటి కప్పినట్టు గట్టిగా పట్టేసి ఉంటే డీఫ్రాస్ట్ లోపం. అంత మంచు పట్టాలంటే కాయిల్ మొత్తం చల్లబడాలి, గ్యాస్ లేనిది అది జరగదు. అదే గ్యాస్ తగ్గితే, గ్యాస్ లోపలికి వచ్చే వైపున మొదటి రెండు మూడు వంపుల మీదే మంచు ఉండి, మిగతా గొట్టమంతా బోడిగా ఉంటుంది. క్యాపిలరీ (గ్యాస్‌ను కాయిల్‌లోకి వదిలే సన్నటి గొట్టం) సగం మూసుకుపోయినా ఇలాగే కనిపిస్తుంది. ఎక్కడా మంచు లేక, కంప్రెసర్ మాత్రం మోగుతూ వేడెక్కుతుంటే గ్యాస్ మొత్తం పోయిందనో, దారి పూర్తిగా మూసుకుందనో, కంప్రెసర్ పంపింగ్ పోయిందనో అనుకోవాలి. పలచటి మంచు కాయిల్ అంతా సమానంగా ఉంటే కాయిల్‌కి ఏమీ కాలేదు. ఫ్యాను, గాలిదారి, తలుపు రబ్బరు చూసుకోవాలి.

ఇక చేత్తో గ్యాస్ కొలిచే విద్య గురించి. కంపెనీ నుంచి వచ్చిన ఆర్600ఏ ఫ్రిజ్‌కి మామూలుగా గేజి తగిలించే వాల్వు ఉండదు, గొట్టం చివర నొక్కి సీలు చేసి ఉంటుంది. దాన్ని కోయకుండానో, బిగింపు వాల్వుతో చిల్లు పెట్టకుండానో ప్రెషరు తెలియదు. కంప్రెసర్ వేడిగా ఉందంటే ఆగకుండా తిరుగుతోందని అర్థం, అంతే.

తడిగుడ్డ:

పలక విప్పే ముందు నాలుగు జాగ్రత్తలు.

స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గే పీకేయండి. ఫ్రీజర్ ఖాళీ చేయండి. పలకకు రెండు నుంచి నాలుగు స్క్రూలుంటాయి, కొన్నింటి మీద ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, చదును మొన స్క్రూడ్రైవర్‌తో లేపితే ఊడొస్తుంది. స్క్రూలు తీసినా పలక కదలకపోతే వెనక మంచు పట్టేసిందని. లాగకండి. చల్లటి ప్లాస్టిక్ పెంకులా విరుగుతుంది, ఆ పలక విడిగా దొరకడం పెద్ద తలనొప్పి. తలుపులు రెండూ తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి గంట ఆగితే దానంతటదే వదులవుతుంది. పలక వెనక ఫ్యాను వైరు ఉండొచ్చు. ఒక్కసారిగా ముందుకు లాగకుండా కొంచెం జరిపి, కనెక్టరు పీకి, అప్పుడు తీయండి.

కాయిల్ ఫొటో తీసుకున్నాకే మంచు కరిగించండి. అసలు సాక్ష్యం అదే.

చాకు, అట్లకాడ, స్క్రూడ్రైవర్, ఏదీ మంచులోకి పొడవకండి. కాయిల్ అల్యూమినియం, చిన్న గాటు పడినా గ్యాస్ మొత్తం పోతుంది. అప్పుడు ఆ మెకానిక్ చెప్పిన మాట నిజమైపోతుంది! హెయిర్ డ్రయ్యరు కూడా వద్దనే అంటాను. ఆర్600ఏ మండే వాయువు, ఎక్కడైనా కారి లోపల నిలిచి ఉంటే డ్రయ్యరులోని కాలే తీగ దానికి చాలు. గది కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి, గుడ్డ మీద పెట్టిన వేడినీళ్ల గిన్నె, ఈ రెండూ చాలు. మరిగే నీళ్లు వద్దు, లోపలి ప్లాస్టిక్ పగుళ్లు పడుతుంది. వేసవిలో పూర్తిగా కరగడానికి ఒక రాత్రి, చలికాలంలో ఒక పగలూ రాత్రీ. కాయిల్ వెనక వైపు, అడుగున హీటరు చుట్టూ గడ్డ చివరిదాకా ఉంటుంది. పైన శుభ్రంగా కనిపించగానే మూసేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది. నీళ్లు లీటరు పైనే రావచ్చు. వెనక ట్రే పొంగుతుంది, నేల మీద పాత దుప్పటి పరచండి.

కరిగాక ఇంకో పని. కాయిల్ అడుగున మధ్యలో నీళ్లు పోయే రంధ్రం ఉంటుంది. 50 మిల్లీలీటర్ల సిరంజితో గోరువెచ్చని నీళ్లు ఎక్కించండి. వెనక ట్రేలో చుక్కలు పడిన చప్పుడు వినబడాలి. రాకపోతే దారి మూసుకుంది. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ముక్క దోపి ఇంకాస్త వేడినీళ్లు పంపితే జిగురు ఊడొస్తుంది. ఇది మూసుకున్న ఫ్రిజ్‌లో హీటరు బాగున్నా కరిగిన నీళ్లు అక్కడే గడ్డకట్టి, అడుగు నుంచి పైకి మంచు పెరుగుతుంది. కూరగాయల ట్రే కింద నీళ్లు చేరడం దీని గుర్తు.

పెరుగన్నం:

పలక రావడానికి గంటన్నర పట్టింది. కాయిల్ అసలు కనబడటం లేదు, తెల్లటి గోడ. అడుగున రెండు అంగుళాల మందం గడ్డ, పైకి పోయేకొద్దీ తగ్గింది కానీ ఖాళీ ఎక్కడా లేదు. ఫ్యాను రెక్కలు రెండు మంచులో ఉన్నాయి. రాత్రంతా తెరిచి ఉంచాను. రంధ్రంలోంచి నీళ్లు బాగానే పోతున్నాయి. పొద్దున మూసి స్విచ్చి వేస్తే నాలుగు గంటల్లో కింది అరలో నీళ్ల గ్లాసు చేతికి చల్లగా తగిలింది!

అంటే గ్యాస్ ఉన్నట్టే కదా? మరి ఇప్పుడు హీటరు సంగతి ఎలా తేల్చాలి? మా దాంట్లో కాయిల్‌కి క్లిప్పుతో తగిలించిన గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది, రెండు వైర్లు. పక్కనే తెల్లటి గొట్టంలో ఇంకేదో ఉంది.

ఓమ్_లెక్క:

గ్యాస్ ఉంది. అంత మంచు గ్యాస్ లేకుండా రాదు. ఇక మిగిలింది కరెంటు లెక్క.

ఆ గుండ్రటి బిళ్ల బైమెటల్, చలికి కలిసి వేడికి విడిపోయే స్విచ్చి. తెల్ల గొట్టంలోది థర్మల్ ఫ్యూజు. ఈ రెండూ, హీటరూ ఒకే వరుసలో, గొలుసులా ఉంటాయి. ఒక్కటి తెగినా హీటరుకు కరెంటు అందదు. గొలుసుకు కరెంటు పంపేది పాత మోడళ్లలో తిరిగే టైమరు, తర్వాతి వాటిలో బోర్డు. ఇంకొన్నింట్లో బైమెటల్ బదులు సెన్సరు ఉంటుంది, దాని లెక్క వేరు.

ప్లగ్గు పీకి, కనెక్టర్లు విప్పి, ఒక్కోదాన్నీ విడిగా కొలవండి. గొలుసు మొత్తం ఒకేసారి కొలిస్తే మోసపోతారు, ఎందుకో కింద చెప్తాను.

హీటరు: వాట్లు దాని మీదో, లోపలి స్టిక్కర్ మీదో ఉంటాయి. 230ని 230తో గుణించి వాట్లతో భాగిస్తే రావాల్సిన ఓమ్‌లు వస్తాయి. 150 వాట్లకు 350 చిల్లర, 200 వాట్లకు 265 దగ్గర, 250 వాట్లకు 212 దగ్గర. పది శాతం అటూ ఇటూ పర్వాలేదు. మీటరు ఏమీ చూపకపోతే తీగ తెగింది. గాజు గొట్టం హీటరైతే పగుళ్లు, నలుపు కంటికే కనిపిస్తాయి. ఒక కొస హీటరు వైరుకీ, ఇంకో కొస కాయిల్ లోహానికీ పెట్టి కూడా చూడండి. అక్కడ రీడింగు వస్తే ఇన్సులేషన్ పోయింది, ఎర్త్ షాకు కొడుతుంది, మార్చాల్సిందే.

ఫ్యూజు: ఎప్పుడూ కలిసే ఉండాలి. సాధారణంగా 70 డిగ్రీల పైన ఎక్కడో ఒకసారి తెగుతుంది, మళ్లీ కలవదు. తెగి ఉంటే ఫ్యూజు ఒక్కటీ మార్చి ఊరుకోవద్దు. అంత వేడి ఎందుకొచ్చిందో చూడాలి. బైమెటల్ విడిపోకుండా అతుక్కుపోయి హీటరు ఆగకపోవడం ఎక్కువగా కనిపించే కారణం.

బైమెటల్: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గది వేడిలో ఇది తెరుచుకునే ఉంటుంది, మీటరు ఏమీ చూపదు, అది లోపం కాదు. దాని పనే అది. చలికి కలుస్తుంది, మంచు కరిగి కాయిల్ 10 డిగ్రీలు దాటాక విడిపోయి హీటరును ఆపుతుంది. అందుకే గొలుసు మొత్తం గది వేడిలో కొలిస్తే ఎప్పుడూ తెగినట్టే కనబడుతుంది. మంచి బైమెటల్‌ని పారేసి కొత్తది కొన్నవాళ్లు, అదీ ‘పనిచేయడం లేదు’ అని తిరిగి ఇచ్చినవాళ్లు బోలెడు.

పరీక్ష ఇలా చేయండి. ఐసు దంచి మూడు వంతులు, రాళ్ల ఉప్పు ఒక వంతు కలపండి, మైనస్ 15 దాకా దిగుతుంది. బైమెటల్‌ని ప్లాస్టిక్ సంచిలో బిగించి, వైర్లు బయటికి ఉంచి పది నిమిషాలు అందులో ముంచండి. మీటరు సున్నా దగ్గరికి రావాలి. బయటికి తీసి అరచేతిలో పట్టుకుంటే కాసేపటికి మళ్లీ తెగాలి. చలిలో కలవకపోతే చచ్చింది. ఇంకో గుర్తు కంటికే తెలుస్తుంది: బిళ్ల మూత పూరీలా ఉబ్బి ఉంటే తేమ లోపలికి దూరిందని, కొలవకుండానే మార్చేయొచ్చు.

మూడూ బాగుంటే టైమరు లేదా బోర్డు. టైమరుకు మధ్యలో గాడి ఉంటుంది, చదును స్క్రూడ్రైవర్‌తో గడియారం తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పితే ఒకచోట టక్కుమని కంప్రెసర్ ఆగుతుంది, అదే డీఫ్రాస్ట్ స్థానం. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు చేస్తేనే ఫలితం, బైమెటల్ కలిసి ఉండాలి కదా.

సందుచివరఇల్లు:

ఇంత తతంగం ఎందుకండీ. బైమెటల్ తీసేసి రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసేస్తే సరి. టైమరు ఎలాగూ ఆపుతుందిగా.

ఓమ్_లెక్క:

వద్దు. దయచేసి ఎవరూ చేయకండి.

మంచు పది నిమిషాల్లో కరిగిన రోజున మిగతా ఇరవై నిమిషాలూ ఆ 200 వాట్లు ఖాళీ కాయిల్‌నీ, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నీ, థర్మాకోల్‌నీ కాలుస్తాయి. అదృష్టం బాగుంటే ఫ్యూజు తెగుతుంది, మళ్లీ మంచు గోడ. ఫ్యూజు కూడా డైరెక్ట్ చేసిన ఫ్రిజ్‌లో లోపలి గోడ కరిగి కాయిల్ మీదికి వంగిపోతుంది. పక్కన గొట్టంలో ఉన్నది మండే గ్యాసని గుర్తు పెట్టుకోండి. కొన్ని వందల రూపాయల బిళ్ల కోసం చేసే పని కాదు.

గేజిమీటరు:

డైరెక్ట్ సంగతిలో ఓమ్_లెక్క గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

గ్యాస్ నిజంగా పోయినవాళ్లు ఈ పేజీకి వస్తే వాళ్ల కోసం రెండు మాటలు. పోయిన గ్యాస్ ఎక్కడో కారింది, దానంతటది ‘అయిపోదు’. కారిన చోటు వెతకకుండా నింపితే ఆ డబ్బుకు ఆయుష్షు వారాలో నెలలో. ఆర్600ఏలో ఇంకో తిరకాసు ఉంది. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు చల్లబరిచే కాయిల్ వైపు ప్రెషరు బయటి గాలి కన్నా తక్కువకు పోవచ్చు. అటువైపు చిల్లుంటే గ్యాస్ బయటికి పోవడం కాదు, గాలీ తేమా లోపలికి దూరతాయి. కాబట్టి పని జరిగే క్రమం ఇలా ఉండాలి: చిల్లు మూయడం, ఫిల్టరు మార్చడం, వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపడం, ఆ తర్వాత స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు త్రాసు మీద తూచి ఎక్కించడం. 48 గ్రాముల చోట పది గ్రాములు తేడా వచ్చినా కూలింగు మారిపోతుంది. త్రాసు లేకుండా, వాక్యూమ్ పంపు లేకుండా, సైకిల్ పంపు లాంటి డబ్బా ఒక్కటి పట్టుకొచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపించేయండి. స్టిక్కర్ మీద ఆర్600ఏ అని ఉంటే ఆర్134ఏ అనే ఇంకో రకం గ్యాస్ నింపనివ్వకండి. కంప్రెసర్ దానికోసం చేసింది కాదు. ఇంకొకటి, ఆ గ్యాస్ ఉన్న గొట్టం దగ్గర బ్లో ల్యాంపు వెలిగించే ముందు గది కిటికీలు తెరిచి, లోపలున్నది బయటికి పంపించాలి.

పక్క గోడలు వేడిగా ఉన్నాయని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. చాలా మోడళ్లలో వేడిని వదిలే గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, వెచ్చగా ఉండటం ఆరోగ్యం. పావుగంట తిరిగినా పక్కలు ఏమాత్రం వెచ్చబడకపోతేనే అనుమానించాలి. ఆ గోడలకు స్టాండు కోసం స్క్రూ దింపితే మాత్రం ఇక ఫ్రిజ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

వేసవిగాలి:

విప్పడం దాకా పోకముందే చూడాల్సినవి ఎవరూ చెప్పలేదు, కొంచెం చెప్తాను.

ఒకే థర్మోస్టాట్ ఉన్న డబుల్ డోర్లలో రెండు గుండీలుంటాయి. వాటిలో ఒకటి, చాలా మోడళ్లలో ఫ్రీజర్లో ఉండేది, చలిని పెంచేది కానే కాదు. గాలిని పైకీ కిందికీ పంచే మూత మాత్రమే. ఎండాకాలం రాగానే ఐసు తొందరగా కావాలని దాన్ని చివరికంటా తిప్పేస్తారు, కిందికి పోయే దారి సగం మూసుకుపోతుంది. పాలు విరిగే ఇళ్లలో కొన్నింటికి మందు ఆ గుండీని మధ్యకు తిప్పడమే. అదే చలికాలంలో తలకిందులవుతుంది: పై అరలో గాలి వచ్చే కంత దగ్గర పెట్టిన కొత్తిమీర గాజుముక్కలా గడ్డకడుతుంది.

కంతకు అడ్డంగా పిండి గిన్నె పెట్టకండి. ఫ్రీజర్ను పొట్లాలతో వెనక గోడ దాకా కూరి నింపొద్దు, ఒక అరచెయ్యి సందు ఉండాలి. ఫ్రాస్ట్ ఫ్రీలో గాలి ఎప్పుడూ తిరుగుతుంది కాబట్టి మూత లేని ప్రతిదీ ఎండిపోతుంది. మల్లెపూలు, ఆకుకూర తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి (పైనున్న తడిగుడ్డ గారు ఏమీ అనుకోరని ఆశ). మూత లేని సాంబారు గిన్నెలోంచి పోయిన ఆవిరంతా మళ్లీ కాయిల్ మీద మంచే.

తలుపు రబ్బరు: పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి, కొంచెం బిగువు తగలాలి. నాలుగు వైపులా, ముఖ్యంగా కీలు ఉన్న వైపు అడుగు మూల చూడండి. వదులుగా ఉంటే వెంటనే కొత్త రబ్బరు కొనకండి. సబ్బునీళ్లతో తుడిచి, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఆ చోట కాస్త కాచి, చేత్తో లాగి సరిచేసి తలుపు మూసి ఉంచితే చాలాసార్లు పట్టుకుంటుంది. ఫ్రిజ్ ముందు కాళ్లు ఒక చుట్టు ఎత్తుగా ఉంటే తలుపు తనంతట తనే మూసుకుంటుంది.

చలి కొలవడానికి గాలిలో థర్మామీటరు పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె గెంతుతుంది. గ్లాసు నీళ్లలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. 3 నుంచి 5 డిగ్రీలు ఉండాలి. ఫ్రీజర్ మైనస్ 18.

కొనాలా బాగుచేయాలా అన్నదానికి నా మాట: మీ కంప్రెసర్, కాయిల్ రెండూ బాగున్నాయని తేలిపోయింది. అవి బాగున్నంతకాలం ఏడేళ్ల ఫ్రిజ్ పాతది కాదు. స్టార్ల కోసం మార్చాలనుకునేవాళ్లు స్టార్లు లెక్కపెట్టడం మానేసి లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి, పక్కనే ఏ ఏడాది లేబులో కూడా చూడండి. ప్రమాణాలు బిగించినప్పుడల్లా పాత నాలుగు స్టార్లు కొత్త మూడో రెండో అవుతాయి. మీదానికీ కొత్తదానికీ ఏడాదికి 150 యూనిట్లు తేడా ఉందనుకుందాం, యూనిట్ 7 రూపాయలైనా వెయ్యిన్నర కూడా కాదు. ఆ లెక్కన పాతిక వేల ఫ్రిజ్ ఖర్చు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

నిజంగా కొనే రోజు వస్తే, నలుగురి ఇంటికి 240–280 లీటర్లు చాలు. అంకె చూసేటప్పుడు మొత్తం లీటర్లా, వాడుకునే లీటర్లా అడగండి, రెండింటి మధ్య తేడా ఉంటుంది. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో, ఇద్దరే ఉండే ఇంట్లో సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్‌ని చిన్నచూపు చూడకండి. అందులో హీటరు లేదు, ఫ్యాను లేదు, బోర్డు లేని మోడళ్లూ ఉన్నాయి, చెడేవి తక్కువ. మంచు ఐదారు మిల్లీమీటర్లు పట్టగానే బటన్ నొక్కి కరిగించుకునే ఓపిక మాత్రం మీకుండాలి. సముద్రం పక్క ఊళ్లలో వెనక నల్ల జాలీ బయటికి కనిపించే మోడల్ కన్నా గొట్టాలు గోడల్లో ఉన్నది తుప్పుకు కాస్త ఆగుతుంది. చిల్లు పడితే బాగుచేయడం మాత్రం కష్టం. రెండూ ఒకచోట దొరకవు.

తడిగుడ్డ:

తడిగుడ్డ గారు ఏమీ అనుకోలేదు.

స్టెబిలైజర్ గురించి ఒక్క మాట చేరుస్తాను. ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అని రాసి ఉన్నా పక్కన వోల్టేజి హద్దులు రాసుంటాయి, ఉదాహరణకు 130 నుంచి 300. మీ ఇంటి వోల్టేజి రాత్రి ఎనిమిదింటికి కొలిచి ఆ హద్దుల్లో ఉందో లేదో చూసుకోండి. పెరుగన్నం గారిది మామూలు కంప్రెసర్ కాబట్టి 180 కంటే దిగే ఇంట్లో పెట్టుకోవడమే మంచిది. కరెంటు పోయి వచ్చాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి వేసే టైమర్ ఉన్న రకం తీసుకోండి. వెంటనే వేస్తే లోపలి ప్రెషరు సర్దుకోక కంప్రెసర్ మూలిగి, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చి టక్కుమని తెగి ఆగిపోతుంది. ఆ టక్కు ప్రతి రెండు మూడు నిమిషాలకూ వినబడుతుంటే కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే రిలే పగిలింది, కంప్రెసర్ పోయిందని అప్పుడే అనుకోకండి. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి మాత్రం ఈ రిలే ఉండదు, బోర్డు నడుపుతుంది. దాని మూడు పిన్నులకు నేరుగా 230 వోల్టులు ఇచ్చి ‘చెక్’ చేస్తే అక్కడికక్కడే కాలిపోతుంది.

పెరుగన్నం:

కొలిచాను. హీటరు 268 ఓమ్‌లు, కాయిల్‌కి తగలడం లేదు. ఫ్యూజు కలిసే ఉంది. బైమెటల్ ఉప్పు ఐసులో పావుగంట ఉంచినా మీటరు కదల్లేదు, మూత కూడా కొంచెం ఉబ్బినట్టే ఉంది. అయితే షాపులో చూపించినవన్నీ వేర్వేరు అంకెలతో ఉన్నాయి. మా బిళ్ల మీద అంకెలు సగం చెరిగిపోయాయి. ఏది తీసుకోవాలి? వైర్లు కూడా పొట్టిగా ఉన్నాయి, అతుకు వేయొచ్చా?

ఓమ్_లెక్క:

268 అంటే 197 వాట్లు, 200 వాట్ల హీటరు నిక్షేపంగా ఉంది. దొరికింది దొంగ.

అంకెల్లో సాధారణంగా విడిపోయే వేడి గానీ, కలిసే చలి గానీ ఉంటుంది. ఊహించి తీసుకోవద్దు. తలుపు లోపలి స్టిక్కర్ మీదున్న పూర్తి మోడల్ నంబరు కంపెనీ విడిభాగాల కౌంటర్లో చూపిస్తే సరైనది ఇస్తారు. విడిపోయే వేడి ఎక్కువున్నది వేస్తే ప్రతిసారీ ఫ్రీజర్ వెచ్చబడి ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, తక్కువున్నది వేస్తే అడుగున మంచు మిగిలిపోతుంది. మీదాంట్లో బైమెటల్, ఫ్యూజు విడివిడిగా ఉన్నాయి, అలాంటి చోట బైమెటల్ ఒక్కటే మార్చినా చాలు. అయినా ఫ్యూజు ఏడేళ్లది, పలక విప్పి ఉంది, ఖరీదు తక్కువ. రెండూ మార్చేయండి.

అతుకు వేయొచ్చు, టేపు చుట్టి వదిలేయకూడదు. అక్కడ రోజుకు రెండుసార్లు తడి, రెండుసార్లు గడ్డ. వైర్లను క్రింపు గొట్టంతో నొక్కి, దాని మీద వేడికి ముడుచుకునే జిగురు స్లీవు వేసి, అతుకు కాయిల్ పై అంచు కన్నా ఎత్తులో, నీళ్లు కారని పక్కకు కట్టండి. బిళ్లను పాతది ఉన్న గొట్టం మీదే, పాత చోటే, అదే క్లిప్పుతో బిగించండి, లోహం లోహానికి ఆనాలి. హీటరు దగ్గరికి జరిపితే మంచు కరగకముందే విడిపోతుంది.

తడిగుడ్డ:

మూసేటప్పుడు: పలక వెనక థర్మాకోల్ అంచుకు అతికించిన అల్యూమినియం టేపు ఊడి ఉంటే కొత్తది వేయండి. ఆ సందులోంచి చల్లగాలి పలక మీదికి వచ్చి బయట మంచు కడుతుంది, బైమెటల్ మార్చినా తగ్గలేదని మళ్లీ విప్పుతారు. ఫ్యాను చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూశాకే స్క్రూలు బిగించండి. ఫ్రీజర్ తలుపు తీసి ఉన్నప్పుడు ఫ్యాను తిరగదు, పోయిందనుకోకండి. తలుపు స్విచ్చిని వేలితో నొక్కితే తిరుగుతుంది.

వేసిన ఒకటి రెండు రోజుల్లో వెనక ట్రేలోకి నీళ్లు వచ్చాయో లేదో టార్చి వేసి చూడండి. వస్తే హీటరు పనిచేసినట్టే.

పెరుగన్నం:

రెండూ మార్చాను. నిన్న రాత్రి ట్రేలో అరగ్లాసు నీళ్లు ఉన్నాయి. కింద గ్లాసు నీళ్లలో థర్మామీటరు 4 చూపిస్తోంది. ఫ్రీజర్ గుండీ చివరికంటా తిప్పి ఉన్నది కూడా ఇప్పుడే గమనించాను, మధ్యకు పెట్టాను.